పడమటి తలుపుకు వార్నిష్ ఎందుకు నిలవడం లేదు? గడప, స్తంభాల సంగతి కూడా చెప్పగలరు

ప్రశ్న: పర్లాకిమిడి, గజపతి జిల్లా

అందరికీ నమస్కారం. మాది తాతగారు కట్టించిన పెంకుటిల్లు. పడమటి ముఖంగా వీధి అరుగు, అరుగు మీద నాలుగు సాల్ కర్ర స్తంభాలు, లోపలికి టేకు సింహద్వారం ఉన్నాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన రాత్రి అరుగు మీది పెంకులు లేచిపోయి, తలుపు, గడప, స్తంభాలు రెండు వారాల పాటు వానకు తడిశాయి. కప్పు బాగు చేయించిన తర్వాత తలుపును గీకించి మెరిసే వార్నిష్ వేయించాము. అప్పటి నుంచి ఇప్పటికి మూడుసార్లు వేయించాము. ప్రతిసారీ ఒక ఏడాది అద్దంలా ఉంటుంది, రెండో వానాకాలం వెళ్ళేసరికి కింది సగం పొలుసులుగా లేచిపోయి, లోపలి కర్ర బూడిద రంగుకు తిరుగుతుంది. డబ్బు సంగతి అలా ఉంచితే, గీకిన ప్రతిసారీ తాతగారు చెక్కించిన లతలు కొంచెం కొంచెం అరిగిపోవడం చూస్తుంటే బాధగా ఉంది.

తలుపు వానాకాలంలో ఉబ్బి గడపకు రాసుకుంటోంది. పోయిన శ్రావణంలో వడ్రంగిని పిలిచి అడుగున చిత్రిక పట్టించాము. ఇప్పుడు వేసవిలో అక్కడ వేలు దూరేంత సందు కనిపిస్తోంది. గడప రెండు చివర్లూ ద్వారబంధంలో కలిసే చోట మెత్తబడ్డాయి. ఒక స్తంభం అడుగున పెన్సిలు మందాన మట్టి గీత ఒకటి పైకి పాకింది.

సలహాలు రకరకాలుగా వస్తున్నాయి. ఒకరు మోటారు బండిలో కాలిన ఇంజిన్ ఆయిల్ పూయమంటున్నారు. పలాసలో ఉన్న మా బావగారు జీడిపిక్కల తొక్క నుంచి తీసే నూనె పంపుతానంటున్నారు. రంగుల దుకాణంలో ఖరీదైన పాలియురితేన్ చూపిస్తున్నారు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారు. ఏది వేయాలో, అంతకన్నా ముందు ఏం చేయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: గుణుపురం, రాయగడ జిల్లా

బాబూ, నేను గుణుపురంలో నలభై ఏళ్ళుగా కర్రపని చేస్తున్నాను. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ తలుపుకు వచ్చిన కష్టం వార్నిష్ రకం వల్ల వచ్చింది కాదు. అంతకన్నా ఖరీదైనది వేసినా, ఇదే పద్ధతిలో వేస్తే మూడో ఏడాదికి మళ్ళీ ఇక్కడే ఉంటారు.

మొదట లేచిన పొలుసు ఒకటి తీసి తిరగేసి, వెలుతురులో చూడండి. దాని వెనుక సన్నని కర్రనార అంటుకొని ఉంటే ఎండ చేసిన పని అని అర్థం. మెరిసే వార్నిష్ పారదర్శకంగా ఉంటుంది కనుక పడమటి ఎండ దాని గుండా నేరుగా కర్రను చేరుతుంది. కర్ర నారలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని ఎండలోని అతినీలలోహిత కిరణాలు విరగ్గొడతాయి. అప్పుడు వార్నిష్ గట్టిగానే ఉన్నా, అది పట్టుకున్న కర్ర పైపొర పొడిగా మారిపోయి, రెండూ కలిసి ఊడివస్తాయి. ఎండను ఆపేది రంగుపొడి. అందుచేత బయటి తలుపుకు ఏ రంగూ లేకుండా నీళ్ళలా ఉండే వార్నిష్ వేయవద్దు. టేకు ఛాయలోనో వాల్‌నట్ ఛాయలోనో రంగు కలిసిన, బయటి వాడకానికని డబ్బా మీద రాసి ఉన్న వుడ్ స్టెయిన్ గాని, అలాంటి పాలియురితేన్ గాని తీసుకోండి. అన్నిటికన్నా ఎక్కువకాలం నిలిచేది ఎనామిల్ రంగే, కాని చెక్కుడు పని ఉన్న టేకును దానితో కప్పివేయమని చెప్పడానికి నాకు మనసొప్పదు.

ఇక నీటి సంగతి. కర్ర చెట్టుగా ఉన్నప్పుడు వేరు నుంచి పైకి నీరు మోసిన సన్నని గొట్టాలన్నీ అడ్డంగా కోసిన కొన దగ్గర నోళ్ళు తెరుచుకొని ఉంటాయి. పలక పక్కల నుంచి పీల్చే దానికన్నా ఎన్నో రెట్ల వేగంగా ఆ కొన నుంచి నీరు పీలుస్తుంది. మీ తలుపు చట్రంలోని నిలువు కమ్మీలు రెండూ నేల వైపు అలాంటి కొనలతోనే ముగుస్తాయి. రంగు వేసేవారు తలుపును బందుల నుంచి దించరు కనుక అడుగు అంచుకు ఒక్క చుక్క వార్నిష్ కూడా అందదు. నమ్మకం కలగకపోతే చేతి అద్దాన్ని తలుపు కింద పెట్టి చూడండి, పచ్చి కర్ర కనిపిస్తుంది. నేను బాగు చేసిన పాత తలుపుల్లో ఎక్కువ వాటిని ముందు అక్కడే పాడైనవిగా చూశాను. కింది సగమే ఎందుకు లేస్తోందన్న మీ ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది: అడుగు నుంచి ఎక్కిన తడి ఎండ వేడికి బయటికి రావాలని చూసి, దారి లేక పైపొరను తోసేస్తుంది.

తలుపు ఉబ్బినప్పుడు చిత్రిక పట్టించడం చాలామంది చేసే పొరపాటు. కర్ర తడికి నార వెంబడి దాదాపు పెరగదు, నారకు అడ్డంగా పెరుగుతుంది. వానలో పెరిగిన మేర కోసేస్తే ఎండాకాలంలో అంత సందు మిగులుతుంది. ఉబ్బినప్పుడు రాసుకున్న చోట సుద్దతో గుర్తు మాత్రం పెట్టుకోవాలి. మాఘమాసంలో, కర్ర ఆరినప్పుడు, ఇంకా అవసరమనిపిస్తే అప్పుడు పట్టాలి. చిత్రిక పట్టిన అంచును అదే రోజు మూసివేయాలి. మీ తలుపు అడుగున శ్రావణంలో చిత్రిక పట్టి పచ్చి కర్రను అలాగే వదిలేశారు కనుక ఈ ఏడాది అది మునుపటికన్నా ఎక్కువ తడి తాగి ఉంటుంది. ఆ సందుకు ఇప్పుడు అడుగున అదే టేకు బద్ద ఒకటి అతికించుకోవచ్చు.

పని వరస ఇది. మన వైపు తుపాన్ల భయం కార్తీకం దాకా ఉంటుంది, అందుచేత పుష్యం, మాఘం మంచి కాలం. మంచు తడి ఆరాక, తొమ్మిది పది గంటలకు మొదలుపెట్టి, ఎండ తలుపు మీదికి తిరగకముందే ఆనాటి పూత ముగించాలి. ఎండలో కాగుతున్న కర్ర మీద వేస్తే బుడగలు వస్తాయి. తలుపును దించి, రెండు బల్లల మీద పడుకోబెట్టి, బూడిద రంగు పోయి అసలు కర్ర రంగు తేలేవరకు 80 నంబరు సాండ్ పేపరుతో, తర్వాత 120తో నార వెంబడి రుద్దాలి. లతల దగ్గర కాగితం వాడవద్దు. పెయింట్ రిమూవరు పూసి, మెత్తబడ్డాక పాత టూత్ బ్రష్షుతో, వెదురు పుల్లతో తీస్తే చెక్కుడు అరగదు. పగుళ్ళలో లప్పం పెట్టేటప్పుడు కర్ర లప్పమే పెట్టండి, గోడ లప్పం తడికి పొడి అవుతుంది. మొదటి పూతలో డబ్బా మీద చెప్పిన థిన్నరు కలిపి పల్చగా వేస్తే కర్రలోకి దిగుతుంది. తలుపు పైఅంచుకు, అడుగు అంచుకు, తాళం కోసం తొలిచిన గాడి లోపలికి మూడేసి పూతలు తాగినంత పోయండి. ముఖానికి మూడు పూతలు చాలు. మధ్యలో ఒక రోజు ఆరనిచ్చి, 220తో తేలికగా రుద్ది, దుమ్ము తుడవాలి.

కాలిన ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దే వద్దు. అది ఎన్నటికీ ఆరదు, బట్టలకు, పిల్లల చేతులకు అంటుతుంది, అందులో ఇంజిను అరిగిన లోహపు పొడి, మసి ఉంటాయి. ఒకసారి తాగిన కర్ర మీద ఆ తర్వాత ఏ రంగూ పట్టదు. జీడిపిక్కల నూనె సంగతి వేరు. పడవలకు, కంచె గుంజలకు అది పూసే అలవాటు పాతది, పురుగును, బూజును అది బాగా ఆపుతుంది. కాని పచ్చి నూనె చర్మానికి తగిలితే కాలినట్టు బొబ్బలు లేస్తాయి, కర్ర నల్లబడుతుంది. పెరటి పందిరి గుంజలకు, గోడలో దూరి ఉండే దూలం కొనలకు వాడుకోండి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకొని. మనుషుల చేయి పడే తలుపుకు, స్తంభాలకు వద్దు.

ఒక ప్రశ్న. మీ అరుగు మీద నేల మొదటి నుంచీ ఉన్నదేనా, తర్వాత ఎత్తు చేసి టైల్స్ వేయించారా? జవాబు చూసి స్తంభాల గురించి రాస్తాను.

జవాబు: సిరొంచ, గడ్చిరోలి జిల్లా

గుణుపురం పెద్దాయన చెప్పినదానికి రెండు విషయాలు కలుపుతాను. మాది ప్రాణహిత ఒడ్డున ఉన్న ఊరు. ఇక్కడి వాళ్ళకు టేకు ఇంటి మనిషి లాంటిది. 2023లో అయోధ్య రామాలయం తలుపుల కోసం చంద్రపూర్, గడ్చిరోలి అడవుల టేకునే పంపించారు. అయినా టేకు అన్న పేరు చూసి భరోసా పడకూడదు. చెదకు, పుచ్చుకు నిలిచేది చేవ, అంటే మాను నడిమి ముదురు కర్ర మాత్రమే. దాని చుట్టూ ఉండే లేత రంగు తెల్లకర్రను పురుగు మామూలు కర్రను తిన్నట్టే తింటుంది. మీ తలుపులో ఎక్కడైనా లేత రంగు చార ఉందేమో, ఆ చోట సూదిమొన రంధ్రాలు, పిండిలాంటి పొడి ఉన్నాయేమో చూసుకోండి.

టేకులో సహజంగా నూనె ఉంటుంది. కొత్తగా రుద్దిన ముఖం మీదికి ఆ నూనె తేలి పూతను ఆరనివ్వదు, పట్టనివ్వదు. పూత వేసే ముందు శుభ్రమైన గుడ్డను థిన్నరులో తడిపి ఒకసారి తుడిచి, అది ఎగిరిపోయిన వెంటనే, అదే పూట మొదటి పూత వేయాలి. రేపు వేద్దామని వదిలేస్తే మళ్ళీ తుడవవలసి వస్తుంది.

2022 జులైలో గోదావరి, ప్రాణహిత కలిసి పొంగినప్పుడు మా ఇంటి తలుపులు మోకాలి లోతు నీళ్ళలో ఉన్నాయి. నీరు తీసిన నెలకు పైకి పొడిగా కనిపించాయని తొందరపడి పాలిష్ వేయించాను. దసరా నాటికి పూతంతా బుడగలు తేలింది. పైన ఆరిన కర్ర లోపల ఆరి ఉండదని అప్పుడు తెలిసింది. తేమ కొలిచే మీటరు అందరి దగ్గరా ఉండదు కనుక ఇప్పుడు నేను ఒక చిన్న పని చేస్తాను: తలుపుకు, ద్వారబంధానికి మధ్య సందులో ఎన్ని పోస్టుకార్డులు పడుతున్నాయో వారానికొకసారి చూసి రాసుకుంటాను. వరుసగా రెండు మూడు వారాలు ఆ లెక్క పెరగకపోతే కర్ర ఇక ఆరవలసినంత ఆరిందని లెక్క.

లోపలి తలుపులకు, ఉయ్యాల బల్లకు నేను అవిసె నూనె వాడతాను. పచ్చిది వారాల తరబడి జిడ్డుగా ఉంటుంది, దుకాణంలో డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ అని అడగాలి. పల్చగా పూసి, పావుగంట ఆగి, పైన మిగిలినదంతా పొడిగుడ్డతో తుడిచేయాలి. వాన జల్లు పడే చోట మాత్రం దానికి నల్లబూజు పడుతుంది కనుక మీ వీధి తలుపుకు అది తగదు.

దీనితో పాటు ఒక హెచ్చరిక తప్పకుండా రాయాలి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి. ఆ నూనె గాలి తగిలి ఆరుతూ వేడిని పుట్టిస్తుంది, ఉండలో ఆ వేడి పోయే దారి లేక అగ్గిపుల్ల గీయకుండానే గుడ్డ అంటుకుంటుంది. ఆరుబయట ఒక్కొక్కటిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్ళ బాల్చీలో ముంచాలి. మా వీధిలో ఒక కొట్టు వెనుక గది ఇలాగే కాలిపోవడం నేను కళ్ళారా చూశాను.

జవాబు: బరంపురం, గంజాం జిల్లా

ఇంట్లో పిల్లలున్నారని రాశారు కనుక ఒక్క మాట. పాత ఇంటి తలుపు మీద వార్నిష్ కింద ఎప్పుడో వేసిన రంగు పొరలు ఉంటే వాటిని పొడిగా రుద్దించకండి. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందువి, అందులోనూ పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగులు, సీసం ఉన్నవి కావచ్చు. ఆ దుమ్ము నేల మీద పడి, పాకే పిల్లల చేతుల ద్వారా నోట్లోకి పోతుంది. నీళ్ళతో తడిపి, నీటికి ఆగే సాండ్ పేపరుతో రుద్ది, ఆ బురదను పాత గుడ్డతో ఎత్తి పారేయండి. పని జరిగే రోజుల్లో పిల్లలను అమ్మమ్మగారింటికి పంపితే ఇంకా మంచిది. మా ఇంట్లో ఈ సంగతి తెలియక మా పాప ఏడాది నిండని రోజుల్లో గది మధ్యలోనే కిటికీలు రుద్దించాము. ఆ తర్వాత రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా నాకు నిద్ర లేదు.

ఇంకొకటి. మేము సముద్రానికి దగ్గరగా ఉంటాము కనుక బందులకు, గొళ్ళేలకు ఇనుప మేకులు వాడడం మానేశాము. టేకులో, సాల్‌లో ఉండే వగరు ఇనుముతో కలిసి మేకు చుట్టూ నల్లటి మచ్చ వేస్తుంది, ఆ మచ్చ పూత కింద నుంచి కూడా కనిపిస్తుంది. ఇత్తడి స్క్రూలు వాడండి.

పర్లాకిమిడి నుంచి మళ్ళీ

అందరికీ కృతజ్ఞతలు. అద్దం పెట్టి చూశాను. పెద్దాయన చెప్పినట్టే తలుపు అడుగు పచ్చిగా, నల్లగా ఉంది. పొలుసు వెనుక నార కూడా కనిపించింది. అరుగు మీద తాతగారి నాటి నాపరాళ్ళు ఉండేవి. 2015లో వాటి మీదే సిమెంటు పోసి టైల్స్ వేయించాము, నేల మూడు అంగుళాలు లేచింది. స్తంభాల కింద ఉన్న రాతి దిమ్మలు ఇప్పుడు కనిపించడం లేదు.

గడప గురించి అడగడానికి కొంచెం సంకోచంగా ఉంది. అమ్మ ప్రతి శుక్రవారం గడప కడిగి పసుపు రాసి కుంకుమబొట్లు పెడతారు. మార్గశిరంలో లక్ష్మివారాలన్నీ తెల్లవారకముందే కడిగి, బియ్యప్పిండి ముగ్గు వేస్తారు. పక్కింటి ఒడియా వారు కూడా ఆ గురువారాలే లక్ష్మీపూజ చేస్తారు కనుక వీధంతా ఆ రోజు గడపలు తడిగానే ఉంటాయి. నీళ్ళు పోయవద్దని అమ్మతో అనలేను, అనాలని కూడా లేదు. ఆవిడ అలవాటు సాగుతూనే గడప నిలిచే మార్గం ఉందా?

జవాబు: గుణుపురం

ఉంది బాబూ. అమ్మగారి చేత ఏదీ మాన్పించనవసరం లేదు. గడప పైముఖం మీద పడిన నీరు గంటలో ఆరిపోతుంది, దాని వల్ల నష్టం తక్కువ. నష్టమంతా రెండు చివర్ల దగ్గర, గడప ద్వారబంధంలోకి దూరే గాడిలో నిలిచే నీటి వల్ల వస్తుంది. అక్కడ ఉన్నవి కూడా కోసిన కొనలే.

మెత్తబడిన చోట ఉలితో గట్టి చేవ తగిలేవరకు తీసేయాలి. లోతు ఒక అంగుళం లోపు ఉంటే ఎపాక్సీ లప్పంతో నింపవచ్చు. అంతకు మించితే మెత్తని భాగం కోసేసి, అదే జాతి ఆరిన కర్ర ముక్కను ఏటవాలు అతుకుతో కలపాలి. నింపే ముందు ఆ గుంటలో బోరాన్ మందు పట్టించండి: లీటరు వేడినీటిలో 30 గ్రాముల బొరాక్స్, 20 గ్రాముల బోరిక్ ఆమ్లం కరిగించి, కర్ర తాగినన్ని సార్లు కుంచెతో పూసి, బాగా ఆరనివ్వాలి. బూజుకు, పురుగుకు రెండింటికీ అది పనిచేస్తుంది. వాననీటికి కడుక్కుపోతుంది కనుక పైన పూత తప్పనిసరి. ఆ నీళ్ళు పిల్లలకు అందనివ్వకండి. తర్వాత ప్రైమరు వేసి, పసుపు రంగు ఎనామిల్ మూడు పూతలు వేయించండి. మన వైపు ఎన్నో ఇళ్ళలో ఆ పద్ధతే ఉంది. అమ్మగారు దాని మీద శుక్రవారం పసుపు, కుంకుమ పెట్టుకోవచ్చు. గడపకు, ద్వారబంధానికి మధ్య సన్నని గీతను మాత్రం రంగు ఆరాక సీలెంటుతో మూయించి, కడిగిన తర్వాత ఆ రెండు మూలలను పొడిగుడ్డతో అద్దమని చెప్పండి.

స్తంభాల విషయం నేను అనుమానించినట్టే ఉంది. పూర్వం వారు రాతి దిమ్మ మీద స్తంభం నిలిపింది కర్ర కొన నేల తడికి దూరంగా ఉండాలనే. టైల్స్ కోసం పోసిన సిమెంటు ఇప్పుడు ఆ కొన చుట్టూ గిన్నెలా కూర్చుంది. అరుగు కడిగిన ప్రతిసారీ నీరు అందులో నిలుస్తుంది, చెదకు కూడా అక్కడే చాటు దొరికింది. ప్రతి స్తంభం చుట్టూ వేలు పట్టేంత వెడల్పున టైలు, సిమెంటు రాతి దిమ్మ కనిపించేవరకు కత్తిరించి తీయించండి. ఆ గాడి నుంచి నీరు బయటి అంచుకు పోయేలా సన్నని కాలువ పెట్టించండి. గాడిని సీలెంటుతో గాని, సిమెంటుతో గాని మూయవద్దు, గాలి ఆడాలి. సాల్ చేవ చాలా గట్టిది, పైన పూసిన మందు దానిలోకి దిగదు. అందుచేత దానికి మందుకన్నా పొడిగా ఉంచడమే ముఖ్యం. స్క్రూ డ్రైవరుతో అడుగున గుచ్చి చూడండి. మొన కొంచెం దిగి ఆగితే స్తంభం బాగున్నట్టే. రెండంగుళాలు దిగితే పైదూలానికి జాకీ పెట్టకుండా ఎవరినీ ఆ స్తంభం ముట్టుకోనివ్వకండి.

మట్టి గీత చెద దారి. దాన్ని ఊరికే తుడిచేస్తే మరో పక్క నుంచి ఎక్కుతుంది. చెదపురుగులు పుట్టలో ఉండి ఆ దారిలో వచ్చిపోతుంటాయి కనుక మందు నేలలో పడాలి. గోడ, నేల కలిసే చోట అడుగుకొక రంధ్రం చొప్పున 12 మిల్లీమీటర్ల బరమాతో వేసి, రంధ్రానికి లీటరు చొప్పున ఇమిడాక్లోప్రిడ్ అనే చెద మందు ద్రావణం పోస్తారు. ఆ పని లైసెన్సు ఉన్నవారి చేత చేయించండి. మీ పెరట్లో బావి ఉంటే ముందే వారికి చూపించి, ఆ వైపు మందు పోయనివ్వకండి. చెద పని ముగిసి, స్తంభాల అడుగులు ఆరాకే పూర్తి పూత కోసం తలుపు దించండి. ఈ వేసవిలో గాడులు కొట్టించి, చెద మందు పోయిస్తే, వానలు, తుపాన్ల రోజులు దాటాక పుష్యంలో పూత మొదలుపెట్టవచ్చు. ఈలోపు తలుపు అడుగు అంచు పచ్చిగా ఉండకూడదు. ఈ వారమే దించి, ఆ అంచుకు రెండు పూతల ప్రైమరు వేసి మళ్ళీ బిగించండి.